కళ్ళు చదివే ఇంటావిడ

మేడమీది వాటా చూడగానే నాకు మళ్ళీ పెళ్ళయినంత సంబరమైంది. పెద్ద కిటికీ, దాని కింద ఇద్దరం ఇరుక్కుని కూర్చునేంత గట్టు. ప్రస్తుతం మా కాపురం ఆడపడుచు గారి హాల్లో, ఒక కర్టెన్ వెనక. మేము నవ్వుకోవాలన్నా టీవీ సౌండు పెంచాలి. ఎలాగైనా ఈ ఇల్లు దక్కాలి.

అడ్డం ఒక్కటే. "మనిషి కళ్ళు చూస్తే చాలమ్మా, లోపలున్నదంతా నాకు తెలిసిపోతుంది," అంది కింద వాటాలో ఉండే ఇంటావిడ.

మా ఆయనకు ఆటిజం. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తే మాట చెవికెక్కదు. మాట వినాలంటే చూపు ఏ గోడకో తగిలించాలి. మేము మొదటిసారి కలిసినప్పుడు నా చెవి కమ్మలతోనే మాట్లాడారు. కమ్మలు ఒప్పేసుకున్నాయి.

ఇంటావిడ సోఫాలో సర్దుకుని షరతులు మొదలుపెట్టింది. మధ్యమధ్య గొంతు తగ్గించి ఇంటి గొడవలు కూడా. నేను ఆవిడ కళ్ళలోకి భక్తిగా చూస్తూ తలాడించాను. మా ఆయన పైకప్పు మూల చూస్తున్నారు. ఆవిడ మొహం ముడుచుకుంది. ఇక దయచేయండి అన్నట్టు మెడ తిప్పి తలుపుకేసి చూసింది.

మా ఆయన లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చారు. ఆయన దృష్టిలో తలుపుకేసి చూడటమంటే తలుపు వేయమని చెప్పడమే.

నేను కంగారుగా కళ్ళతో సైగ చేశాను.

"కంట్లో ఏమైనా పడిందా?" అన్నారు గట్టిగా.

"ఇదుగో అమ్మాయ్," అంది ఇంటావిడ, "నీ మొహం కడిగిన ముత్యం. మీ ఆయన మాత్రం నన్ను తప్ప ఇల్లంతా చూస్తున్నాడు. ఏం పట్టుకుపోదామనో!"

వంటింటి గుమ్మంలోంచి ఆవిడ కోడలు అందుకుంది. "ఇంతకుముందు అద్దెకున్నాయన మీ కళ్ళలోకే చూసేవాడుగా అత్తయ్యా. ఫ్యాన్లు విప్పుకుని మరీ వెళ్ళాడు."

"నువ్వు లోపలికెళ్ళు!"

"నాకు ఆటిజం అండీ," అన్నారు మా ఆయన. "మీ కళ్ళలోకి చూస్తే మీ మాట వినపడదు. చూడమంటారా, వినమంటారా?"

"ఆహా! అయితే ఇప్పటిదాకా నేనేం చెప్పానో? ముందు నువ్వు చెప్పమ్మాయ్."

ఆవిడ కళ్ళలోకి చూసినంతసేపూ నేను కర్టెన్లకి రంగు ఎంచుకుంటున్నాను. "నీళ్ళ గురించి... ఏదో..."

మా ఆయన గోడకి అప్పజెప్పారు. "పొద్దుపోతే గేటుకి తాళం. మేకులు కొట్టకూడదు. మోటారు మీరే వేస్తారు. మీకు ఎడమ మోకాలు నొప్పి, వానొస్తే రెండూ. మీ అబ్బాయికి చెబితే ఫోన్లోంచి తలెత్తకుండా ఊ అంటాడు. కోడలి వంట తినలేక బీరువాలో దాచిన బిస్కెట్లు తింటున్నారు."

"ఎలకలు తింటున్నాయన్నారు అత్తయ్యా!" గుమ్మంలో నవ్వు పేలింది.

ఇంటావిడ మా ఆయనకేసి గుడ్లురిమి చూసింది. ఆ చూపుకి చెమట పట్టింది నాకు. ఆయన హాయిగా గోడ చూస్తున్నారు. కాసేపటికి ఆవిడ గొంతు మెత్తబడింది.

"ఎడమ మోకాలని కూడా గుర్తుందా బాబూ?"

"చెప్పారుగా అండీ."

ఆవిడ తాళంచెవి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "నీ పెళ్ళాన్ని మాత్రం ఓ కంట కనిపెట్టి ఉండు నాయనా. ఆ చూపు నమ్మేట్టు లేదు."

పసుపు రంగు కర్టెన్లు తెచ్చాను. మేకులు కొట్టకూడదన్న సంగతి ఆయనకు గుర్తుంది, నాకు లేదు. ఇప్పుడు ఆ కర్టెన్లని మడిచి గట్టు మీద పరుచుకుని కూర్చుంటున్నాం. ఆయన వీధి చూస్తారు, నేను వాగుతాను.