ఓపిక మాత్ర

కర్టెన్లు ఉతికి ఆరేసి, అలమరలు ఖాళీ చేసి తుడిచి, వంటగట్టును మూడోసారి తోముతుండగా ఆమెకు అనుమానం వచ్చింది, ఇది ఓపిక కాదేమోనని. గుండె దడదడలాడుతోంది. నాలుక పిడచకట్టుకుపోయింది. చేతిలో పీచు వణుకుతోంది. ఒక్క క్షణం కూర్చుందామంటే ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది. పొద్దున మింగింది తుమ్ములకు వేసుకునే మామూలు మాత్రే. అదే మాత్ర మింగిన భర్త పక్క గదిలో గుర్రుపెడుతున్నాడు.

అది మొదటిసారి. తర్వాత ఎప్పుడు వేసుకున్నా అంతే. లోకమంతా నిద్రపోయే మందుకు ఆమె ఒక్కతే బొంగరంలా తిరిగేది. "మా కోడలికి జలుబు చేస్తే ఇల్లు అద్దంలా ఉంటుంది" అని అత్తగారు ఫోన్లో మురిసిపోయేది. ఒక్క పూటలో సర్దేసిన ఫైళ్ళ బీరువా చూసి, ఆఫీసులో పెద్ద గుమస్తా, "వారానికోసారి ఇలా తుమ్ముతూ ఉండమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అదీ ఆమె చేసిన తప్పు.

"నాకు దడగా ఉంటోందండీ, భయమేస్తోంది" అని భర్తతో చెప్పకపోలేదు. "అందరికీ నిద్రొచ్చే మాత్రకి నీకొక్కదానికే దడేంటి? అంతా నీ ఊహ" అని కొట్టిపారేశాడు. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే మాత్రం ఆ ఊహ మీద ఆయనకు ఎక్కడలేని నమ్మకం. మంచినీళ్ళ గ్లాసుతో సహా తెచ్చి, "ఓ మాత్ర వేసుకోరాదూ, పని తెమిలిపోతుంది" అనేవాడు. పెళ్ళయ్యాక ఆయన ఆమెకు మంచినీళ్ళు అందించిన సందర్భాలు అవే. సిగ్గుచేటు ఏమిటంటే, తుమ్ములు లేకపోయినా ఆమె మింగేది. నలుగురూ మెచ్చుకుంటుంటే దడను కాసేపు మరిచిపోవచ్చు.

ఇప్పుడు కనురెప్ప మీద చిన్న గడ్డ తీయించుకోవడానికి ఆసుపత్రిలో కూర్చుంది. నర్సు ఫారం పట్టుకుని వచ్చి, "మీకు ఏ మందైనా పడదా?" అని అడిగింది.

"అలాంటివేం లేవమ్మా, గట్టి మనిషి" అని భర్త చెప్పేశాడు. నర్సు రాసేసుకుంది.

"మంచిది. ముందుగా కాస్త మత్తు మందిస్తాం. కంటి దగ్గర కత్తి కదా, కదలకుండా పడుకోవాలి."

కదలకుండా! ఈ మత్తు కూడా తిరగబడితే? చెబితే ఆయన ఇక్కడ కూడా ఊహ అంటాడు. చెప్పకపోతే పోయేది కన్ను. ఆ కన్ను తనది.

"సిస్టర్, నిద్రొచ్చే మాత్ర వేసుకుంటే నాకు నిద్ర రాదు. ఒళ్ళు వణుకుతుంది, ఒక్కచోట ఉండలేను" అంది.

"అబ్బే, అదేం లేదమ్మా. ఈవిడకి కాస్త కంగారెక్కువ" అని భర్త అందుకున్నాడు.

నర్సు నవ్వలేదు. రాసింది కొట్టేసింది. "కొంతమందికి మందు అలా ఎదురు తిరుగుతుందమ్మా. డాక్టరుగారికి చెప్తాను, మత్తు సంగతి వేరే ఆలోచిస్తారు. చెప్పి మంచిపని చేశారు. ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"గమనించారు. వాళ్ళకది జబ్బులా కనబడలేదు, ఓపికలా కనబడింది."

నర్సు ఒకసారి ఆయన వైపు చూసి, ఫారంలోకి తల వంచి తర్వాతి ప్రశ్న అడిగింది. "రోజూ వేసుకునే మందులేమైనా ఉన్నాయా?"

అలవాటు చొప్పున భర్త నోరు తెరిచాడు.

"మీరు బయట కూర్చోండి" అంది ఆమె. "నా ఒంటి సంగతి నేను చెప్పుకుంటాను."