తెరలో ఆవిడ

యూనిఫారం గుండీ ఊడిపోయిన చోట పిన్నీసు పెట్టుకుని, గ్యాలరీ నేల మీది చెప్పుల అచ్చులు తుడుస్తూ, పులి తలెత్తి తెర వంక చూశాడు. ఆవిడ ఇంకా లేవలేదు.

తెర గోడంత ఉంటుంది. అందులో ఒక గది, ఒక మంచం, గోడవైపు తిరిగి పడుకున్న ముసలావిడ. ఆవిడ చిత్రకారిణి. కుంచె పక్కన పడేసి, తన గదిలో కెమెరా పెట్టించుకుని, బతుకుతున్న బతుకునే బొమ్మగా చూపిస్తోంది. తినడం, గోక్కోవడం, కిటికీ తుడుచుకోవడం, అంతా ప్రత్యక్ష ప్రసారమే. శబ్దం మాత్రం ఉండదు. ఫోనుల్లో చూసేవాళ్ల వ్యాఖ్యలు తెర అడుగున వరుసగా పడుతుంటాయి. ఇదీ ఓ కళేనా అని పులి మొదట్లో ముక్కున వేలేసుకున్నాడు. తర్వాత అలవాటైపోయింది. ఆవిడ టీ తాగితే తనూ ఫ్లాస్కు మూత తీసేవాడు. ఇంట్లో పలకరించే దిక్కులేనివాడికి ఆ మాత్రం తోడు చాలదూ!

పులి అతని అసలు పేరు కాదు. వానాకాలంలో ఒకరోజు ఆవిడ ఇలాగే పడుకుంటే "చచ్చిపోయిందండోయ్!" అని హాలు దద్దరిల్లేలా అరిచాడు. సూపర్‌వైజర్ కంగారుపడి ఆవిడ ఇంటికి అంబులెన్సు పంపించాడు. ఆవిడ లేచి కూర్చుని కెమెరాకేసి చూసి కడుపుబ్బా నవ్వింది. హాల్లో ఎవరో అతని అరుపునూ ఆవిడ నవ్వునూ ఫోనులో పట్టి పంచితే లోకమంతా నవ్వింది. నాన్నా పులి కథ ఎవరికి తెలియదు? పేరు అతుక్కుపోయింది. సూపర్‌వైజర్ మాత్రం నవ్వలేదు. "ఇంకోసారి కళలో వేలుపెట్టావో, యూనిఫారం విప్పేసి ఇంటికెళ్లిపో" అన్నాడు.

అందుకే ఇవాళ నోరు కుట్టేసుకుని తుడిచిన చోటే తుడుస్తున్నాడు. దుప్పటి లేస్తోందా? లేచినట్టే ఉంది. కాదు, తన కళ్లే అదురుతున్నాయి. కిటికీలోంచి పడిన ఎండ ఆవిడ పాదాల మీది నుంచి నడుం దాకా పాకింది. తన భార్య పోయిన పొద్దున కూడా ఇంతే. పడుకుందిలే, పాపం లేపడమెందుకని, వంటింట్లో చప్పుడు కాకుండా గిన్నెలు సర్దాడు. ఎంతసేపు సర్దాడో!

ఆగలేక ఫోను తీశాడు.

"సార్, ఆవిడ పొద్దున్నుంచీ కదల్లేదు సార్."

"మళ్లీ మొదలెట్టావా? ఇవాళ విమర్శకురాలు వస్తోంది. రివ్యూ రాస్తుంది. నువ్వు గోడలా నిలబడు, అదే పదివేలు."

విమర్శకురాలు రానే వచ్చింది. చాలాసేపు తెర ముందు నిలబడి ఫోనులో ఏదో రాసుకుంది. అడుగున వ్యాఖ్యలు పడుతూనే ఉన్నాయి. అద్భుతం. మౌనమంటే ఇదీ. ఇవాళ్టిది మునుపెన్నడూ చూడనిది.

"ఇదివరకు ఎక్కడో కాస్త నటన కనపడేది. ఇవాళ అది కూడా లేదు" అని ఆమె తనలో తను అనుకుంటున్నట్టు పైకే అంది.

పులి తుడుపుకర్రను గోడకు ఆనించాడు. ఈ ఉద్యోగం పోతే ఈ వయసులో ఇంకోటి ఎవడిస్తాడు? పొద్దున లేస్తే ఎవరి మొహం చూడాలి? అరిస్తే ఉద్యోగం పోతుంది, ఊరుకుంటే మనిషే పోతుందేమో.

"మేడమ్, ఆవిడ... ఆవిడది నిద్ర కాదండీ. నాకు భయమేస్తోందండీ."

ఆమె అతన్ని గుర్తుపట్టింది. పెదవి చివర నవ్వు రాబోయింది. అతని మొహం చూశాక రాలేదు.

"నా దగ్గర నెంబరుంది. చేస్తానుండండి."

తెరలో, స్టూలు మీద ఆవిడ ఫోను వెలిగింది. ఆరిపోయింది. మళ్లీ చేస్తే మళ్లీ వెలిగింది. భుజం కదల్లేదు.

"లే తల్లీ" అన్నాడు పులి. "లేచి నన్ను చూసి నవ్వు. ఊరంతా నవ్వినా పర్లేదమ్మా, లే."

విమర్శకురాలు అంబులెన్సుకు ఆవిడ ఇంటి చిరునామా చెప్పింది. సూపర్‌వైజర్ రొప్పుతూ వచ్చి, తెర వంక ఒక్కసారి చూసి, "ఆపెయ్, ఆపెయ్" అన్నాడు. రిమోటు పులి జేబులో ఉంది.

"ఒక్కర్తినే వదిలేసి ఎలా సార్? ఎవరో ఒకరు వచ్చేదాకా ఉందాం" అన్నాడు. సూపర్‌వైజర్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

తెరలో తలుపు తెరుచుకుంది. వచ్చిన ఇద్దరిలో ఒకడు ఆవిడ మెడ మీద వేళ్లు పెట్టి చూసి, రెండోవాడికేసి తల అడ్డంగా ఊపాడు. వ్యాఖ్యలు ఆగిపోయాయి. ఆవిడను జాగ్రత్తగా ఎత్తి, దుప్పటి కప్పి తీసుకెళ్లిపోయారు. పులి తుడిచిన నేల మీదే కూలబడ్డాడు.

ఖాళీ మంచం మీద, ఇంతసేపూ ఆవిడ గుండెకు ఆనుకుని ఉన్న చోట, సగం ఒలిచిన కమలాపండు ఉంది.