ఇసుక సంచి

మా ఆయన పేరు శాంతయ్య. ఆ పేరు పెట్టిన పాస్టరు గారికి ముందుచూపు బొత్తిగా లేదు. కూరలో ఉప్పు తగ్గితే వీధి చివరిదాకా వినిపించే గొంతు ఆయనది. అలాంటి మనిషిని నందిగామ ఆసుపత్రిలో మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాలికి ఇసుక సంచి వేలాడదీసి, కదలకుండా ఉండమన్నారు. ఆయన కదలకుండానే ఉన్నాడు, నోరు తప్ప.

ఆషాఢంలో తొలి వానలకు బాట చిత్తడిగా ఉండి, నాపరాళ్ళ బండి ఒరిగి ఆయన తొడ మీద పడింది. జగ్గయ్యపేటలో చూసినవాళ్ళు ఇది మావల్ల కాదన్నారు. బస్సులో సీట్ల మధ్య నేల మీద పడుకోబెట్టి నందిగామ తీసుకొచ్చాం. పాలు మాన్పించి ఇంకా నెల తిరగని మా ప్రేమకుమారిని ఆడబిడ్డ రత్నమణి చంకకెక్కించి నేనూ అదే బస్సెక్కాను. రెండు రోజుల్లో వచ్చేస్తానే తల్లీ అన్నాను. ఏడాదిన్నర పిల్లకి రెండు రోజులంటే ఏం తెలుస్తుంది? నాకే తెలియలేదు.

డాక్టరమ్మ గారు మంచి మనిషి. నాకు అర్థమయ్యేలా చెప్పింది. "చూడమ్మా దేవమణీ, విరిగిన ముక్కలు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. తొడ కండ వాటిని లాగి పట్టుకుంటోంది. ఈ తాడు గిలక మీదుగా పోయి బరువు వేలాడుతుంటే, ఆ లాగుడుకి ముక్కలు ఎదురెదురుగా వచ్చి అతుక్కుంటాయి. సంచి నేలకు తగలకూడదు, మంచానికి తగలకూడదు. రాత్రింబగళ్ళు గాల్లోనే ఉండాలి. అది చూసుకోవడం నీ పని."

అప్పటినుంచి నా లోకమంతా ఆ సంచే. కాలు విరిగింది ఆయనకి, కట్టేసింది నన్ను. మంచం పక్కన నేల మీద పడుకుని కళ్ళు తెరిస్తే ముందు సంచే కనిపించేది. ఆయనకి ఒళ్ళు తుడవడం, మల పాత్ర పెట్టడం, తీయడం, వెనకాల వంట పాకలో మూడు రాళ్ళ మీద అన్నం ఉడకేసుకుని పరుగున రావడం, ముద్దలు కలిపి నోట్లో పెట్టడం. పెట్టిన ముద్ద మింగి, ఆయన తిట్టేవాడు. మజ్జిగ పులిసిందనేవాడు, తలగడ జారిందనేవాడు. తిట్టడానికి ఏమీ దొరక్కపోతే నందిగామ ఊరినే తిట్టేవాడు.

మా మంచం కిటికీ పక్కనే. కిటికీ బయట గేటు, గేటు బయట రోడ్డు. మా జగ్గయ్యపేట బస్సు అక్కడే ఆగేది. "పేట, పేట, పేట" అని కండక్టరు అరుస్తుంటే చేతిలో పని ఆపి గేటు వైపు చూసేదాన్ని. ఎక్కితే పొయ్యి మీద ఎసరు మరిగేలోపు చేరేంత దగ్గర కాకపోయినా, పూటలో పోయి పూటలో రావచ్చు. కానీ ఇలా బరువు కట్టిన వాళ్ళ పక్కన మనిషి లేకుండా ఉండకూడదు. పిల్లల్ని లోపలికి రానివ్వరు. మద్రాసులోనో మరెక్కడో పడేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఇల్లు ఇక్కడే ఉంది, పోవడానికే లేదు.

మా అత్త సౌభాగ్యమ్మ శనివారం శనివారం వచ్చేది. జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి మూట కట్టుకుని వచ్చి, ముందు కొడుకు మొహం తడిమి, తర్వాత నావైపు చూసేది. ఆ రోజు నాకు పండగ. "నువ్వు పోయి తలంటుకుని రావే, ఈ రాత్రికి నేను చూసుకుంటా. వరండాలో పడి నిద్రపో" అనేది. నేను మొద్దులా నిద్రపోయేదాన్ని. ఆదివారం సాయంత్రం బస్సుకి ఆమె వెళ్ళిపోయేది.

పిల్ల కబుర్లు కూడా ఆమే తెచ్చేది. "నీ బెంగే లేదే దానికి. రత్నమణిని అమ్మా అమ్మా అంటా కొంగు పట్టుకుని తిరుగుతుంది" అంది ఒకసారి, నాకు ధైర్యం చెబుతున్నాననుకుని. నేను గిన్నెలు తోముతున్నాను. తోమిన గిన్నెనే మళ్ళీ తోమాను. రత్నమణి మంచిది, నా బిడ్డకి రెండు పూటలా కడుపునిండా పెడుతోంది. అయినా ఆ పూట ఆమె మీద నాకు పుట్టిన మంట చెప్పుకోదగ్గది కాదు.

ప్రతి సోమవారం డాక్టరమ్మ టేపు పెట్టి రెండు కాళ్ళూ కొలిచేది. నడుము ఎముక దగ్గర ఒక కొస, చీలమండ దగ్గర ఒక కొస. విరిగిన కాలు రెండోదాని కంటే పొట్టిగా ఉండేది. వారం మధ్యలో ఎప్పుడైనా చూస్తే దాదాపు సరిపోయేది, సోమవారం వచ్చేసరికి మళ్ళీ పొట్టే. దసరాకి ఇంటికి పోతారన్నది, దీపావళి అన్నది. తర్వాత క్రిస్మస్‌కి ఖాయం అన్నది. సంచిలో ఇంకాస్త ఇసుక పోయించింది. మా ఆయన అరుపు ఇంకాస్త పెరిగింది.

చలి మొదలైన ఒక సోమవారం టేపు చుట్టేస్తూ ఆమె నావైపు సూటిగా చూసింది. "నిజం చెప్పమ్మా. సంచిని ఎవరైనా ఎత్తుతున్నారా?"

"ఏసయ్య తోడండి, నేను చెయ్యి కూడా వెయ్యలేదండి."

"మరి ఎందుకు అతుక్కోవట్లేదో నాకు తెలియట్లేదు. ఇట్లాగే ఉంటే క్రిస్మస్ సంగతి నేను చెప్పలేను. కాలు కుంటుపడి మిగలొచ్చు కూడా."

మా ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నేను అక్కడే నేల మీద కూలబడి, నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాను. డాక్టరమ్మ నా భుజం తట్టి, "వచ్చే శనివారం మీ అత్తగారు ఇక్కడుంటుందిగా. నువ్వు ఒక్క రాత్రి ఇంటికెళ్ళి బిడ్డని చూసుకుని రా. నేను అనుమతి ఇస్తున్నా" అంది.

ఆ వారం నేను మనిషిలా తిరిగాను. మా ఆయన తిట్లు కూడా పాటలాగా వినిపించాయి. కట్టెలకని బజారుకెళ్ళినప్పుడు భుజాన గాజుల మలారంతో ఒకాయన కనిపిస్తే ఆగాను. పాప చెయ్యి ఏమాత్రం ఉంటుందని గాజులాయన అడిగాడు. నా బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఇంత అని చూపించాను. ఎర్ర గాజులు తీసుకుని, పగలకుండా గుడ్డలో చుట్టి, ఆయన తలగడ కింద దాచాను.

శనివారం అత్త రాగానే అన్నీ అప్పజెప్పాను. గంజి ఎక్కడుందో, తుండుగుడ్డ ఎక్కడుందో చెప్పి, "సంచి జాగ్రత్త అత్తా" అన్నాను.

"నాకు చెప్పాలా నువ్వు? పోయిరా, పిల్ల ఎదురుచూస్తంది."

బెంగే లేదన్న పిల్ల ఎదురుచూస్తోందట. ఆ మాటకు కూడా పొంగిపోయి వెళ్ళాను. గేటు దాటి రోడ్డు మీద నిలబడ్డాక గాజులు గుర్తొచ్చాయి. బస్సు ఇంకా కనుచూపు మేరలో లేదు. పరుగున వెనక్కి వచ్చాను.

వార్డులో అడుగుపెట్టేసరికి మా ఆయన నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరిచి, నుదుటి మీద ఒక్క ముడత లేకుండా, హాయిగా. ఆ మొహం చూసి ఎన్ని నెలలైందో. అత్త పక్కన కూర్చుని తల నిమురుతోంది. సంచి గాల్లో లేదు. నీళ్ళ కుండ పెట్టుకునే ముక్కాలి పీట కింద పెట్టి, దాని మీద సంచిని కూర్చోబెట్టింది. తాడు వదులుగా వేలాడుతోంది.

సోమవారాలన్నీ ఒక్కసారిగా నాకు అర్థమయ్యాయి. నేను వరండాలో మొద్దు నిద్రపోయిన రాత్రులన్నీ.

"ఎన్నాళ్ళ నుంచి అత్తా?" అన్నాను. 

ఆమె బెదరలేదు. "మొదటి నుంచి. వాడే అడిగాడు, ఒక్క కునుకు తీయనియ్యవే అమ్మా అని. నేనున్న ఒక్క రాత్రే కదే. మిగతా వారమంతా లాగుతానే ఉందిగా."

"ఆ ఒక్క రాత్రికే వారమంతా లాగింది పోతంది. కాలు పొట్టిగా అతుక్కుంటదంట. డాక్టరమ్మ చెప్పింది వినలేదా?"

"డాక్టరమ్మ కన్నదా వాణ్ణి? వాడు ఏడస్తంటే చూస్తా కూర్చోమంటావా?"

"కూర్చోవాలి."

"నీకెట్టా కుదురుతుందే?"

"కుదరదు. కూర్చుంటన్నా."

పీట మెల్లగా పక్కకు లాగాను. తాడు బిగిసింది. మా ఆయన కేక పెట్టి లేచాడు. నన్ను చూసి, పీట చూసి, సంగతి బయటపడిందని తెలుసుకున్నాడు. సిగ్గుపడతాడనుకున్నాను. "పోతానన్నదానివి పోక మళ్ళీ ఎందుకొచ్చావు? నువ్వు రాతి మనిషివి. అమ్మ ఉంది కాబట్టి బతికున్నా" అన్నాడు.

ఇన్ని నెలలు ఆయన మలం ఎత్తిన చేతులు నావి. ఆ చేతులతోనే ఒక్కటిద్దామనిపించింది. అంతలో బయట బస్సు హారను వినిపించింది.

అత్త నా చెయ్యి పట్టుకుంది. "పోవే, బస్సొచ్చింది. ఇంక ముట్టను. ఏసయ్య తోడు. బిడ్డని చూసుకో." ఆమె కళ్ళలో అబద్ధం లేదు. గాజుల మూట తీసుకుని, ముక్కాలి పీట చంకన పెట్టుకుని బయటికి నడిచాను. వంట పాకలో బసవమ్మ గారని, భర్తకి తోడున్న ముసలామె ఉంటే, రేపటిదాకా దాచమని ఆమెకి పీట ఇచ్చి, గేటు వైపు పరిగెత్తాను.

"ఎక్కాలమ్మా, ఎక్కాలి" అంటున్నాడు కండక్టరు. కమ్మీ పట్టుకున్నాను. ఒక కాలు మెట్టు మీద పెట్టాను. అలా పెట్టి కిటికీ వైపు చూడకుండా ఉండి ఉంటే, ఆ రాత్రి నా బిడ్డ నా పక్కలో ఉండేది.

చూశాను. మా అత్త మంచం చివర వంగి నిలబడి ఉంది. పీట లేదు కదా, రెండు చేతులతో సంచిని ఎత్తి పట్టుకుంది.  ఆ ఇసుక బరువు నాకు తెలుసు. అలాగే ఒంటికి ఆనించుకుని, కొడుకు మొహం చూస్తూ నిలబడింది. నేను వార్డు నుంచి రోడ్డు మీదికి వచ్చే పాటి సేపు కూడా ఆమె మాట నిలవలేదు.

నాకు కోపం రాలేదు. అది రాకపోవడమే నన్ను ముంచింది. కోపం వస్తే తిట్టి, డాక్టరమ్మకి చెప్పి, ఇంకొకరికి అప్పజెప్పి పోయేదాన్ని. కానీ ఎవరికి అప్పజెప్పను? ఆయన ఏడుస్తుంటే చూస్తూ ఊరుకోగలిగే మనిషి ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. ఆయన మీద ప్రేమ ఉన్నవాళ్ళెవరూ అది చెయ్యలేరు, లేనివాళ్ళు వచ్చి కూర్చోరు. "ఎక్కుతావా లేదా?" అన్నాడు కండక్టరు. "కొంచెం ఆపండయ్యా, మా అత్త ఎక్కుతుంది" అన్నాను.

లోపలికి వచ్చి ఆమె చేతుల కింద నా చేతులు పెట్టి సంచిని అందుకున్నాను. ఇద్దరం కలిసి దాన్ని మెల్లగా దింపి వదిలాం. మా ఆయన పళ్ళు బిగించాడు. ఈసారి అరవలేదు, నావైపే చూశాడు.

"నువ్వు పో అత్తా. నేనుంటా."

 గాజుల మూట ఆమె కొంగున ముడేసి, "పాపకి తొడుగు. అమ్మ పంపిందని చెప్పు" అన్నాను. బస్సు పోయేదాకా కిటికీ వైపు వీపు పెట్టి కూర్చున్నాను.

మా ఆయన, "మణీ" అన్నాడు. "పోయి ఉండాల్సింది నువ్వు."

"పోతే నువ్వు కుంటోడివై ఇంట్లో కూర్చుని జీవితాంతం నన్ను తిడతావు. ఆ తిట్లేవో ఇక్కడే అయిపోనీ."

ఆయన నవ్వబోయాడు. కాలు కదిలి, నవ్వు మూలుగైంది.

ఆ తర్వాతి శనివారం అత్త వార్డులోకి రాలేదు. వంట పాకలోనే చతికిలబడింది. "లోపలికి రమ్మనమాకు. వాణ్ణి చూస్తే నా చేతులు ఊరుకోవు. ఈడనే వండిపెడతా, నువ్వు తీసుకుపో" అంది. కొడుకు మొహం చూడకుండా, కొడుకు కోసం పప్పు ఎనిపింది. నేను పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేశాను. ఆమె కొంగు ముడి విప్పి గాజుల మూట నా ఒళ్ళో పెట్టింది.

"పట్టలేదే. పిల్ల బలిసింది. నూనె రాసి తోసినా పట్టలా. ఏడ్చిందని రత్నమణి వదిలేసింది."

నేను కొన్న గాజులు నేను వదిలొచ్చిన చేతికి. ఆ చెయ్యి ఇప్పుడు లేదు. చీర అంచు నుంచి దారం పోగు తెంపి అత్తకిచ్చాను. పిడికిలి చుట్టూ చుట్టి, సరిపోయిన చోట ముడేసి తెమ్మన్నాను.

సోమవారం డాక్టరమ్మ కొలిచి, మళ్ళీ కొలిచి, "ఇప్పుడు దారిలోకి వస్తోంది" అంది. తర్వాతి సోమవారానికి రెండు కాళ్ళూ సరిసమానం. ఇంక లాగితే చాలదట, గట్టిపడాలట. క్రిస్మస్ దాటి మళ్ళీ ఎండలు ముదిరేదాకా ఇక్కడే ఉండాలంది. మా ఆయన ఒక్క మాట అనకుండా తలూపాడు. పేరుకి తగ్గట్టు మొదటిసారి కనిపించాడు.

అత్త తెచ్చిన దారం అప్పటికే నా దగ్గరుంది. ఆమె వేసిన ముడి విప్పలేదు. బయట పేట బస్సు ఆగి, కండక్టరు అరిచి, వెళ్ళిపోయింది. సంచి ఎదురుగా కూర్చుని ఆ దారం ఉచ్చులో నా వేళ్ళు దూర్చి చూసుకున్నాను. మూడు పట్టాయి. నేను వచ్చేటప్పుడు పాప గాజులో రెండే పట్టేవి.