నర్గిస్ బాల్కనీ బుట్ట

భయం పుట్టించే మొదటి సీను రేపటికల్లా తేకపోతే మా మనవరాలు యుస్రాను సినిమా క్లాసు నుంచి తీసేస్తానన్నాడు మాస్టారు.

“అమ్మమ్మా, ఎవరూ లేని ఇంటి బాల్కనీ నుంచి బుట్ట దిగితే?”

“అదేం భయమే? మన అలెగ్జాండ్రియాలో కూరలకి ప్రతి ఇంటి నుంచీ దిగేదేగా!”

అయినా చూద్దామని, నిరుడు పోయిన పక్కింటి నర్గిస్ తాళంచెవి నా దగ్గరే ఉంటే, లోపలికెళ్లి చాటుగా బుట్ట తాడు వదిలాం. కింద కూరగాయలమ్మే అతియ్య అలవాటుగా పుదీనా కట్ట వేసి తలెత్తాడు. ముఖం పాలిపోయింది.

“దేవుడా! నర్గిసమ్మ!”

పారిపోతాడనుకున్నాం. కానీ ఆ కట్ట తీసేసి, వెతికి తాజాది వేశాడు.

“వడిలింది పంపితే బతికున్నప్పుడే ఊరుకోలేదు, ఇప్పుడు ఊరుకుంటుందా!”

“ఇదే మొదటి సీను!” అని యుస్రా నా చెయ్యి గిల్లింది.