పదకొండు ఒకట్లు

కొల్లాపూర్ డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పే సాయిలు సారు దసరా సెలవులకు ముందు బోర్డు మీద పదకొండు ఒకట్లు పక్కపక్కన రాశాడు: 11111111111.

"ఇది ప్రధాన సంఖ్య కాదు. ఏ రెండు సంఖ్యలను గుణిస్తే ఇది వస్తదో కనుక్కొని రావాలె. ఫోన్ ముట్టొద్దు" అన్నాడు. "జర ఆసరా ఇస్తున్న. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని ఇరవై రెండుతోటి భాగిస్తే ఒకటి మిగులుతది."

రెండో సంవత్సరం చదివే స్వర్ణ, సెలవుల్లో తల్లి నర్సింగమ్మతో గొర్రెల వెంట పోయేది. మంద మేస్తుంటే బండ మీద కూర్చుని కాగితాల మీద భాగహారాలు చేసేది. ఇరవై మూడుతో పోలేదు. అరవై ఏడుతో పోలేదు. ఎనభై తొమ్మిదితోనూ ఏదో ఒకటి మిగిలింది. తోటివాళ్లు వెయ్యి దాటకముందే వదిలేశారు. స్వర్ణ ముప్పై వేలు దాటింది. అయినా ఆ సంఖ్య విడిపోలేదు.

ఆ సాయంత్రం ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఏమైంది బిడ్డా?"

"ఎంత దూరం పోయినా దొరుకుతలేదమ్మా."

నర్సింగమ్మ కొంగుతో బిడ్డ కళ్లు తుడిచింది. "ముందట లేకపోతే ఎనకకు సూడు. మందల జీవం తప్పిపోతే నేను గట్లనే ఎతుకుత. నడిసొచ్చిన తొవ్వలనే యాడనో ఉంటది."

స్వర్ణ మర్నాటి నుంచి పాత కాగితాలన్నీ మొదటి నుంచి సరిచూసింది. 21649 దగ్గర ఒక తీసివేతలో అప్పుడు చేసిన తప్పు కనిపించింది. దిద్ది, మళ్లీ భాగించింది. చివర సున్నా వచ్చింది. నమ్మలేక ఇంకోసారి చేసింది. మళ్లీ సున్నాయే. "అమ్మా!" అని ఆమె వేసిన కేకకు గొర్రెలు బెదిరి చెదిరాయి.

కాలేజీ తెరిచిన రోజు ఆమె బోర్డు మీద 21649 × 513239 అని రాసింది. సారు చాక్‌పీస్ తీసుకుని తానే గుణించడం మొదలుపెట్టాడు. కింద ఒకటి పడింది. పక్కన ఇంకో ఒకటి. క్లాసంతా గట్టిగా లెక్కపెట్టింది. పదకొండోది పడగానే బల్లలు మోగిపోయాయి.

"నేను సదువుకునేటప్పుడు గూడ దీంతోటి కొట్లాడిన" అన్నాడు సారు. "సగంల ఇడిసిపెట్టిన. నువ్వు ఇడువలే." స్వర్ణ తల దించుకోలేదు. నిటారుగా నిలబడి, తాను రాసిన అంకెల వైపు చూసుకుంది.

ఇంటికొచ్చి చెబితే నర్సింగమ్మ అంతా శ్రద్ధగా విన్నది. మరుసటి రోజు సంతలో కనిపించిన వాళ్లందరికీ చెప్పింది.

"మా స్వర్ణ పదకొండు ఒకట్లను పలగ్గొట్టింది."

"దేంతోటి పలగ్గొట్టిందే?" అని అడిగింది కూరగాయలమ్మే బిక్షమ్మ.

"తెలివితోటి" అంది నర్సింగమ్మ.