తాళంచెవి సీసాలోపలే

ప్రతి సోమవారం పొద్దున్నే పెయింటరు ఆ వారం తన చావును పాత దుప్పటిలో చుట్టుకుని ఫ్రేముల కొట్టుకి తెచ్చేవాడు. ఆయన గీసేదంతా తన బొమ్మే, అదీ తను పోయాక ఎలా ఉంటాడో. ఒక వారం శవపేటికలో పడుకుని, చూడ్డానికి ఎవరొచ్చారో ఎవరు రాలేదో రాసుకుంటుంటాడు. ఇంకో వారం బట్టల తీగకి రెండు క్లిప్పులతో వేలాడుతుంటాడు. చూసినవాళ్లు నవ్వేసేవారు, నవ్వాక కాస్త గుబులుపడేవారు.

ఆ బొమ్మల్లోని పెయింటర్లు కుదురుగా ఉండే రకం కాదు. కొనుక్కున్నవాళ్లు ఫోన్ చేస్తూనే ఉండేవారు. "మీవాడు మళ్లీ మా పళ్లబుట్ట బొమ్మలోకి దూరాడండీ. రెండు ద్రాక్షగుత్తులు ఖాళీ." పెయింటరు వెళ్లి, వాడికి నచ్చజెప్పి, వెనక్కి పంపి వచ్చేవాడు.

ఈసారి బొమ్మలో ఆయన శవపేటికలో గాజు సీసాని కౌగిలించుకుని పడుకున్నాడు. సీసాలో గుండె. మూతకి తాళం. తాళంచెవి సీసాలోపలే.

ఫ్రేములావిడ టేపుతో కొలతలు తీస్తూ, "చెవి లోపల పెట్టి తాళం ఎలా వేశారండీ?" అంది.

"అదే నాకూ తెలియడం లేదు," అన్నాడు.

పదకొండేళ్లుగా వాళ్ల మాటలు ఇంతే. ఆవిడంటే ఆయనకి ప్రాణం. నోరు పెగిలితేగా.

"ఇదే ఆఖరి ఫ్రేము," అందావిడ. "శనివారం కొట్టు మూసేస్తున్నా. అన్నయ్య వాళ్ల ఊరు వచ్చెయ్యమంటున్నాడు. ఒంటరిగా ఇక్కడ ఎవరి కోసం ఉండాలి చెప్పండి?"

చెప్పాల్సింది ఒక్క మాట. పెయింటరు "మేకులు చిన్నవి వెయ్యండి" అనేసి, ఇంటికొచ్చి తల బాదుకున్నాడు.

శనివారం వెళ్లేసరికి ఫ్రేములో శవపేటిక ఖాళీగా ఉంది. సీసా కూడా ఖాళీయే, మూత పక్కన పడుంది.

"వీడు మళ్లీ ఎవరింటి మీద పడ్డాడో," అని విసుక్కున్నాడు.

"దూరం పోలేదు. ఇలా రండి," అందావిడ. చేతిలో స్క్రూడ్రైవరుంది.

వాకిట్లో కొట్టు బోర్డు మీద సుత్తి పట్టుకున్న ఆవిడ బొమ్మ, మొదట్లో ఆయనే వేసిచ్చింది. ఇప్పుడు ఆ బొమ్మ పక్కన శవపేటికలోవాడు స్టూలు మీద కూర్చుని, ఆవిడకి మేకులు అందిస్తున్నాడు. చొక్కా కింద ఎడమవైపు ఏదో ఎగిరెగిరి పడుతోంది. బొమ్మలో ఆవిడ నవ్వుతోంది.

పెయింటరు చెవులు వేడెక్కాయి. "వెనక్కి పంపించెయ్యనా?"

"పంపుతారా?"

ఆయన బోర్డు వంక చూశాడు. "పంపను," అన్నాడు. "మీరూ వెళ్లకండి."

ఆవిడ బోర్డుకి ఆనించిన నిచ్చెనెక్కింది. పెయింటరు గుండె మళ్లీ సీసాలోకి పోయినంత పనైంది. ఆవిడ అప్పటికే ఊడదీసిన మూడు బోర్డు స్క్రూల్లో రెండు తిరిగి బిగించి, చెయ్యి కిందికి చాపింది.

"మూడోది అందివ్వండి."