ముఖ్య అతిథి చూడని ముగింపు

నేను ఒక ఇంగ్లీషు సినిమాకు నాలుగో రీలును. అంటే ముగింపును. విక్టోరియా రాణి కాలంలో వచ్చిన నవలను తెర మీదికి ఎక్కించిన బ్లాక్ అండ్ వైట్ సినిమా మాది. లండన్ లాబొరేటరీలో మా నలుగురినీ ఒకేరోజు కడిగి ఆరబెట్టారు. ఓడలో మద్రాసు వచ్చి, ఫిల్మ్ సొసైటీలకు సినిమాలు పంపే ఆఫీసులో చేరాం. పదకొండేళ్లలో ముప్పై రెండు ఊళ్లు తిరిగాను. తెర మీద కనిపించింది ఐదుసార్లు. ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాను. ఇక్కడ అసలు కనిపించను.

ఊళ్లలో నన్ను వేయకపోవడానికి కారణం మర్యాద. మన ఊళ్లలో ముఖ్య అతిథికి ఎప్పుడూ రైలు ఉంటుంది. అందుకని మూడో రీలు అవగానే లైట్లు వేసి, ఆయన చేత సినిమా గొప్పతనం గురించి మాట్లాడిస్తారు. తర్వాత శాలువా, జ్ఞాపిక, వందన సమర్పణ, జనగణమన. జనగణమన పాడాక మళ్లీ కూర్చునేవాళ్లు ఉండరు.

తెనాలిలో ఒక ఆదివారం సాయంత్రం కూడా అదే జరిగింది. కథలో ఎలినార్ అనే ఆమె, మిల్లు యజమాని అయిన భర్త కొట్టడంతో ఇల్లు వదిలి, వేరే ఊళ్లో బట్టలు కుట్టి బతుకుతుంది. మూడో రీలు చివర భర్త పంపిన గుర్రబ్బండి ఆమె గుమ్మం ముందు ఆగుతుంది. అక్కడ లైట్లు వేశారు.

ముఖ్య అతిథి డాక్టర్ త్రివిక్రమరావు గారు, రిటైరైన ఇంగ్లీషు ప్రిన్సిపాల్. ఎలినార్ ఆ బండి ఎక్కి, భర్త కాళ్ల మీద పడే చివరి దృశ్యం తన చేత కంటతడి పెట్టించిందని చెప్పారు. మన సంస్కృతి ఇంగ్లీషు నవలలో కూడా ఉందన్నారు. జనం చప్పట్లు కొట్టారు. మర్నాడు పత్రికలో ఫొటోతో సహా వచ్చింది. ఆయన నన్ను ఎక్కడ చూశారో నాకు తెలియదు.

జనగణమన అయ్యాక ఒకామె మాత్రం కదల్లేదు. రెబెకమ్మ, ప్రభుత్వాసుపత్రిలో నర్సు. బీఏలో ఆ నవల ఆమెకు నాన్-డీటెయిల్డ్ పాఠ్యపుస్తకం. లెక్చరరు సగం చెప్పేసరికి పరీక్షలు వచ్చాయి. ఆ వేసవిలోనే పెళ్లయింది. ఆమె సొసైటీ అధ్యక్షుడు లాయరు ఉమామహేశ్వరం గారి దగ్గరికి వెళ్లి, మిగతా సినిమా వేయమని అడిగింది.

"డాక్టరు గారు చెప్పారు గదమ్మా, ఎళ్లిపోయిందని. ఇంక చూసేదేముంది?" అని ఆయన అతిథిని స్టేషన్‌కు తీసుకెళ్లారు.

ఆపరేటర్ మస్తాన్ వలి మూడో రీలును వెనక్కి చుడుతున్నాడు. రెబెకమ్మ ప్రొజెక్టర్ పక్కకు వచ్చి నిలబడింది.

"మస్తాన్ బాబూ, మా ఆయన నన్నూ ఒకసారి కొట్టి పంపాడు. మళ్లీ రమ్మని కబురు పెడితే నేను ఎళ్లాను. ఆమె ఎళ్లిందో లేదో నాకు తెలియాలి."

మస్తాన్ గోడ గడియారం చూశాడు. ఏడింటికి హాలు తాళం వేయాలి.

"ఇరవై ఆరు నిమిషాలే సిస్టరమ్మా. కూర్చోండి."

లైట్లు ఆర్పి నన్ను ఎక్కించాడు. ఎలినార్ తలుపు తీసి బయటికి వచ్చింది. గుర్రానికి నీళ్లు పెట్టింది. బండివాడికి టీ ఇచ్చింది. అతను తాగేదాకా ఆగి, ఖాళీ బండిని తిప్పి పంపేసింది. ఆ తర్వాత ఆమె కిటికీ దగ్గర కుట్టుకుంటూ ఉండటమే ఉంటుంది. ఏమీ జరగదు. చివరి వరసలో కూర్చున్న రెబెకమ్మ లేచి మొదటి వరసలోకి వచ్చింది.

నేను అయిపోయాను. తెర మీద తెల్లటి వెలుగు మిగిలింది. బయట స్కూటర్ హారన్ రెండుసార్లు మోగింది. మస్తాన్ కిటికీలోంచి తొంగిచూశాడు.

"మీ సారొచ్చారమ్మా. కోపంగా ఉన్నట్టున్నారు."

రెబెకమ్మ తెర వైపే చూస్తూ ఉంది.

"సినిమా ఇంకా అవలేదని చెప్పు. చెప్పొచ్చి, మళ్లీ వెయ్యి."